ఓనర్లు చాలామంది, పనికి ఓనర్ ఎవరు?

"ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాల్‌లో పోలీసు వారితో అవగాహన సదస్సు. కాలనీవాసులందరూ తప్పక హాజరు కాగలరు." ఇలాంటి మెసేజ్ మీ కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. కింద ఓ ఇరవై దండాల ఎమోజీలు. ఆదివారం రాత్రికి అదే గ్రూపులో ఫొటోలు. శాలువా కప్పుతున్నది ఒకటి, బొకే ఇస్తున్నది ఒకటి, అందరూ నిలబడి దిగింది ఒకటి. మీటింగ్‌లో ఏం తేలిందన్నది మాత్రం ఏ ఫొటోలోనూ కనపడదు.

మన వయసువాళ్లలో చాలామంది ఈ మెసేజ్‌ని పట్టించుకోరు. కారణం సింపుల్. అద్దెకుంటున్నాం, ఏడాదికో రెండేళ్లకో ఖాళీ చేసి ఇంకో చోటికి పోతాం, కాలనీ గొడవలు మనకెందుకు? పైగా ఆదివారం సాయంత్రం. ఆపైన పోలీసులు.

నేను ఏడాదిన్నరగా మా కాలనీలో ఇలాంటి మీటింగ్‌లు నాలుగింటికి వెళ్లాను. మాది హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలకు దగ్గర్లో ఉన్న కాలనీ. సొంతిళ్లవాళ్లు సగం, అద్దెకున్నవాళ్లు సగం, మధ్యమధ్యలో హాస్టళ్లు. ఆ నాలుగు మీటింగ్‌ల్లో నాకు అర్థమైంది ఒకటే. అక్కడ మాట్లాడేదాంట్లో సగం మన గురించే. అక్కడ లేనిది కూడా మనమే.

అయిదంటే అయిదూ ముప్పావు

ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం ముందు సీన్ చెప్తాను. అయిదు గంటలకన్నది అయిదూ ముప్పావుకి మొదలవుతుంది. "హలో, మైక్ టెస్టింగ్" అయ్యాక సంక్షేమ సంఘం ప్రెసిడెంట్ గారు మాట్లాడతారు. తర్వాత సెక్రటరీ గారు, ఆ తర్వాత గౌరవ సలహాదారు గారు. చివరికి ఎస్సై గారి చేతికి మైక్ వచ్చేసరికి జనం వాచీలు చూసుకుంటుంటారు.

నిజం చెప్పాలంటే ఎస్సై గారు చెప్పేదాంట్లో పనికొచ్చేది చాలానే ఉంటుంది. ఊరెళ్తే పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లండి, సీసీ కెమెరాలు పెట్టించుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. 'డిజిటల్ అరెస్ట్' అంటూ వీడియో కాల్ వస్తే కట్ చేయండి, అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. రిటైరైన పెద్దవాళ్లు ఈ నంబర్‌ని జేబులో కాగితం మీద రాసుకోవడం నేను చూశాను. ఆ ఒక్క నంబర్ ఎవరి పెన్షన్ డబ్బునైనా కాపాడితే ఆ సాయంత్రానికి అది చాలు.

ఆ తర్వాత 'మీ సమస్యలు చెప్పండి' అంటారు. పార్కింగ్, కుక్కలు, డీజే సౌండ్. ఆపైన మూడో నిమిషంలోనో నాలుగో నిమిషంలోనో ఒక అంకుల్ లేచి అసలు టాపిక్ ఎత్తుతారు.

"సార్, మా లైన్‌లో బ్యాచిలర్స్ ఎక్కువైపోయారు. రాత్రి రెండింటికి వస్తారు, మూడింటికి పోతారు. ఏం పనో ఏమో. అసలు బ్యాచిలర్స్‌కి ఇల్లే ఇవ్వకుండా మీరొక ఆర్డర్ వేయాలి సార్."

చప్పట్లు. నేను వెళ్లిన మొదటి మీటింగ్‌లోనే ఇది జరిగింది. లేచి నిలబడ్డాను. "సార్, ఆ రెండింటికి వచ్చేది నేనే. అమెరికా క్లయింట్‌తో కాల్ అయ్యేది ఒంటిగంటకి. క్యాబ్ దిగేసరికి రెండవుతుంది" అన్నాను. హాలంతా నవ్వులు. అంకుల్ కూడా నవ్వారు. ఎస్సై గారు నవ్వలేదు కానీ మంచి మాట చెప్పారు. "అద్దెకున్నవాళ్ల వివరాలు తీసుకోండి, ఐడీ కాపీ పెట్టుకోండి. అంతవరకే. పెళ్లి కాలేదని ఇల్లు ఇవ్వొద్దని నేను ఆర్డర్ వేయలేను."

నేను లేవకపోతే? చప్పట్ల మధ్య అదే కాలనీ అభిప్రాయంగా మినిట్స్‌లోకి ఎక్కేది. ఆ నెలాఖరుకి ఎవరో ఒకరికి ఇల్లు ఖాళీ చేయమని చెప్పేవాళ్లు. ఎందుకో కూడా ఆ అబ్బాయికి తెలిసేది కాదు.

కారులో వెళ్లేవాళ్లకు కనపడని సందు

అదే మీటింగ్‌లో వెనక వరసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. పక్క లేడీస్ హాస్టల్‌లో ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి హాస్టల్‌కి నడిచే సందులో మూడు లైట్లు వెలగట్లేదు, పక్కనే ఉన్న ఖాళీ ప్లాట్‌లో రాత్రి తొమ్మిది దాటితే మందు పార్టీలు అంది. "ఎవరూ ఏమీ అనలేదు సార్ ఇప్పటిదాకా. కానీ రోజూ భయపడుతూ నడుస్తున్నాం."

ముందు వరసలో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లూ రోజూ వెళ్లే దారే అది. కాకపోతే కారులో వెళ్తారు. హెడ్‌లైట్ వెలుగులో ఏ సందూ చీకటిగా ఉండదు.

లైట్లు మా పరిధి కాదమ్మా, పెట్రోలింగ్ బండిని అటు తిప్పుతాం అన్నారు ఎస్సై గారు. అందరూ సరే అన్నారు. టీ, సమోసా, ఫొటో.

మూడు నెలల తర్వాత రెండో మీటింగ్. ఈసారి ఎస్సై గారు మారారు. ట్రాన్స్‌ఫర్. కొత్తాయనకు ఆ సందు సంగతి ఎవరూ చెప్పలేదు. లైట్ల గురించి ఎవరు ఉత్తరం రాయాలో పోయిన మీటింగ్‌లో ఎవరూ అనుకోలేదు కాబట్టి ఎవరూ రాయలేదు. ఆ అమ్మాయి మళ్లీ లేచి మొదట్నుంచి చెప్పింది. మూడోసారి కూడా మొదట్నుంచే చెప్పాల్సి వస్తే ఇంక రాదు కదా అనిపించింది నాకు.

మా ఆఫీసులో ఏ సమస్యకైనా ఒక టికెట్ తెరుస్తాం. అందులో మూడు గళ్లు ఖాళీగా ఉండకూడదు. సమస్య ఏంటి, ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు. చేసే మనిషిని 'ఓనర్' అంటాం. కాలనీ మీటింగ్‌లో ఓనర్లు చాలామంది ఉంటారు. పనికి మాత్రం ఓనర్ ఉండడు!

అందుకని ఆ రోజు ఫోన్‌లోనే ఒక షీట్ తెరిచి, మీటింగ్ అయ్యాక గ్రూపులో పెట్టాను. ఏడు వరసలే. 'సందులో లైట్లు, మున్సిపాలిటీకి ఉత్తరం, సెక్రటరీ గారు, 15 రోజులు.' 'రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య పెట్రోలింగ్, బీట్ కానిస్టేబుల్, ఈ వారం నుంచి.' సెక్రటరీ గారికి మొదట నచ్చలేదు. "నా పేరు రాశావేంటి బాబూ" అన్నారు. పేరు రాసి ఉంది కాబట్టే ఉత్తరం వెళ్లింది. రెండుసార్లు గుర్తుచేశాక లైట్లు వెలిగాయి. మూడో మీటింగ్ ఆ షీట్ చదవడంతోనే మొదలైంది. ఏడింట్లో నాలుగు అయ్యాయి, మూడు కాలేదు. ఎందుకు కాలేదో అడిగే హక్కు అందరికీ వచ్చింది.

భీవండిలో మనవాళ్లు చూసింది

ఇలా రెగ్యులర్‌గా కూర్చోవడం వల్ల నిజంగా ఏమైనా మారుతుందా అని అడిగేవాళ్లకు భీవండి కథ చెప్పాలి. ముంబైకి పక్కనే, థానే జిల్లాలో ఉన్న మరమగ్గాల ఊరు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన మన పద్మశాలీ కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. మీ ఊళ్లో 'భీవండి పోయిండు' అన్న మాట వినే ఉంటారు.

ఆ ఊళ్లో 1970లో, మళ్లీ 1984లో పెద్ద మతకల్లోలాలు జరిగాయి. 1988లో సురేశ్ ఖోపడే అనే అధికారి అక్కడికి డీసీపీగా వచ్చారు. అప్పటికీ పీస్ కమిటీలు ఉన్నాయి. కాకపోతే వాటిలో పెద్దమనుషులు, నాయకులే ఉండేవాళ్లు. గొడవ వచ్చినప్పుడే కలిసేవాళ్లు. ఖోపడే దాన్ని తిరగేశారు. పేట పేటకీ మొహల్లా కమిటీ పెట్టించారు. హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఉండాలి, మామూలు జనం ఉండాలి. బాధ్యత కింది స్థాయి పోలీసుల మీద పెట్టారు. కుళాయి దగ్గర తగాదా, గోడ తగాదా లాంటి చిన్నవాటిని ముదరకముందే అక్కడే మాట్లాడుకునేవాళ్లు.

1992 డిసెంబర్, 1993 జనవరిలో ముంబై తగలబడింది. శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారమే 900 మంది చనిపోయారు. కల్లోలాలకు పేరుపడ్డ భీవండి మాత్రం ఆ రోజుల్లో ప్రశాంతంగా ఉంది. ఆ తర్వాత ముంబైలోనూ మొహల్లా కమిటీలు మొదలయ్యాయి. జూలియో రిబెరో లాంటి మాజీ పోలీసు అధికారులు కూడా వాటి కోసం పనిచేశారు.

మన దగ్గర వినాయక నిమజ్జనం ముందు, బోనాల ముందు పీస్ కమిటీ మీటింగ్‌లు జరుగుతాయి. మంచిదే. కానీ భీవండి చెప్పేదేంటంటే, పండగ ముందు వారం కలిస్తే అది బందోబస్తు. ఏ పండగా లేని నెలలో కూడా కలిస్తేనే అది పరిచయం. కల్లోలం వచ్చిన రాత్రి కానిస్టేబుల్ చెప్పే మాట జనం వినాలంటే, అంతకుముందు ఆయన వాళ్ల కుళాయి తగాదా విని ఉండాలి.

షికాగోలోనూ ఇదే గొడవ

అమెరికాలో ఈ మీటింగ్‌లను పెద్ద ఎత్తున నడిపిన నగరం షికాగో. 1993లో అయిదు పోలీసు డిస్ట్రిక్టుల్లో మొదలుపెట్టి తర్వాత ఊరంతా పెట్టారు. నగరాన్ని సుమారు 280 బీట్లుగా విడగొట్టి, బీట్ మీటింగ్ పేరుతో ఆ ఏరియాలో తిరిగే పోలీసులు, అక్కడి జనం నెలనెలా కూర్చునేవాళ్లు. చర్చి హాళ్లలో, పార్కు బిల్డింగుల్లో.

వెస్లీ స్కోగన్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి దీన్ని స్టడీ చేశారు. నేరాలు ఎక్కువున్న నల్లజాతీయుల పేటల్లో హాజరు బాగానే ఉండేది. కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎవరు? వయసు పైబడినవాళ్లు, సొంతిళ్లవాళ్లు, ఎప్పట్నుంచో అక్కడే ఉంటున్నవాళ్లు. అద్దెకున్నవాళ్లు, కుర్రాళ్లు, స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాలు తక్కువ. అంటే మా కమ్యూనిటీ హాల్ ముందు వరసే. భాష మారింది, అంతే.

మన దేశంలో కేరళ దీన్ని ఇంకోలా పట్టుకుంది. 2008లో కొన్ని స్టేషన్లలో 'జనమైత్రి' మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతా విస్తరించారు. జనం మీటింగ్‌కి రాకపోతే పోలీసే ఇంటికి రావాలన్నది అందులో ముఖ్యమైన ఆలోచన. బీట్ ఆఫీసర్ ఇల్లిల్లూ తిరిగి పరిచయం పెంచుకోవాలి. 2011 కేరళ పోలీసు చట్టంలో జనంతో కలిసి కూర్చునే కమిటీలకు కూడా చోటిచ్చారు. అది ఎవరో ఒక మంచి ఎస్సై ఇష్టం మీద ఆధారపడకూడదని అనుకున్నారన్నమాట.

మనకూ పేర్లకు కొదవలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 'మైత్రి' ఉండేది. తెలంగాణ వచ్చాక 'ఫ్రెండ్లీ పోలీసింగ్' అన్నారు, 2014లో షీ టీమ్స్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులు వచ్చారు. పేరు ఏదైనా చివరికి ఒక ప్రశ్నే మిగులుతుంది. ఎస్సై గారు ట్రాన్స్‌ఫర్ అయితే, పోయిన మీటింగ్‌లో చెప్పిన మాట ఎవరికి గుర్తుంటుంది?

గోడకి అవతల ఇంకో రకం

మా కాలనీ ప్రహరీకి అవతల ఒక బస్తీ ఉంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న, ఇళ్లల్లో పనికొచ్చే అక్కలు, అర్ధరాత్రి మనకు బిర్యానీ తెచ్చే డెలివరీ తమ్ముళ్లు చాలామంది అక్కడే ఉంటారు. అక్కడికీ పోలీసులు వస్తారు. కానీ మెసేజ్ పెట్టి రారు. తెల్లవారుజామునో రాత్రిపూటో, పెద్ద సంఖ్యలో వచ్చి, సందుల చివర్లు మూసేసి, ఇంటింటికీ తిరిగి ఎవరెవరు ఉంటున్నారో, బండి కాగితాలు ఉన్నాయో లేవో చూస్తారు. పేపర్లలో దీన్ని 'నిర్బంధ తనిఖీలు' అని రాస్తారు. తెలంగాణలో పోలీసు ప్రకటనల్లో దీనికి ఇంకో పేరు ఉంటుంది. 'కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రామ్'.

పాత నేరస్తులు, దొంగ బండ్లు దొరుకుతాయని పోలీసులు అంటారు. ఒక్క అనుమానితుడి కోసం పేట మొత్తాన్నీ అనుమానితుల్లా చూస్తారా అని పౌరహక్కులవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాచ్‌మన్ అన్న మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మా తానకు వస్తే కాగితాలు అడుగుతరు సార్. ఈడికి వస్తే కష్టాలు అడుగుతరు."

గోడకి ఇటు టీ, అటు తనిఖీ. రెండింటికీ పేరు కాంటాక్టే.

నాలుగో మీటింగ్‌కి బస్తీ నుంచి కూడా కొందర్ని పిలుద్దామని గ్రూపులో అడిగాను. హాల్ సరిపోదు అన్నారు కొందరు. పోయిన మూడుసార్లూ సగం కుర్చీలు ఖాళీయే కదా అని హాస్టల్ అమ్మాయి రిప్లై పెట్టింది. చివరికి వాచ్‌మన్ అన్న, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మైక్ ఇస్తే ఏమీ మాట్లాడలేదు. మీటింగ్ అయ్యాక అందులో ఒకామె మహిళా కానిస్టేబుల్‌ని పక్కకి పిలిచి ఏదో చెప్పింది. ఖాళీ ప్లాట్‌లో కూర్చునేది ఎవరో, మందు ఎక్కణ్నుంచి తెస్తారో ఆమెకు తెలుసు. మా సీసీ కెమెరాలు ఆ మూలకి చూడవు. ఆమె ఇంటి గుమ్మం చూస్తుంది. తర్వాత వారంలో ఆ ప్లాట్ ఖాళీ అయింది.

వెళ్తే ఏం చేయాలి?

మొదటిది, మీటింగ్‌లో చెప్పడం ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. బండి పోయిందని మైక్‌లో చెప్పి ఇంటికి వచ్చేస్తే కేసు నమోదవదు. నేరం జరిగితే స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే నేరమని ఫిర్యాదులోనే తెలుస్తుంటే ఎఫ్ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ఏరియాలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. కాపీ ఉచితంగా ఇవ్వాలి. 'మీటింగ్‌లో చెప్పారుగా, చూస్తాం' అంటే ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

రెండోది, మనుషుల పేర్లు మైక్‌లో చెప్పొద్దు. 'ఆ ఫ్లాట్ అబ్బాయి మీద డౌట్' అని వందమందిలో అన్న మాట వెనక్కి రాదు. చోటు చెప్పండి, టైము చెప్పండి, జరిగింది చెప్పండి. పేరు చెప్పాల్సి వస్తే పక్కకి పిలిచి చెప్పండి. మీ పేరు ఎవరైనా అలా చెప్తుంటే మాత్రం అక్కడే లేచి నిలబడండి.

మూడోది, ఒక్కటే సమస్య తీసుకెళ్లండి. 'సెక్యూరిటీ బాగోలేదు' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. 'ఫలానా సందు, మూడు లైట్లు, రాత్రి తొమ్మిది' అంటే చేయగలరు.

నాలుగోది, మీ బీట్ కానిస్టేబుల్ ఎవరో తెలుసుకుని నంబర్ తీసుకోండి. అర్జెంటైతే 112 ఉంది. కానీ పరిచయం ఉన్న మనిషి వేరు.

చివరిది, హాల్‌లోంచి బయటికి వచ్చేముందు ఒక వరస రాసుకోండి. ఏ పని, ఎవరి పేరు, ఏ తేదీ. దాన్ని గ్రూపులో పెట్టండి. మీరు ఆర్నెల్లలో ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు, ఎస్సై గారూ ట్రాన్స్‌ఫర్ కావచ్చు. ఆ వరస అక్కడే ఉంటుంది. వచ్చే మీటింగ్‌లో ఎవరో ఒకరు దాన్ని చదివి, అయ్యిందా లేదా అని అడిగితే చాలు.